హస్తం లెక్క: ఇంట్లో మనం తినేది ఎంతో తూచి చూసుకోవడం ఎలా

పదహారేళ్లు మా బడిలో మధ్యాహ్న భోజనం రిజిస్టరు నేనే రాశాను. ఒకటి నుంచి ఐదో తరగతి దాకా పిల్లలకు తలకు 100 గ్రాముల బియ్యం, 20 గ్రాముల పప్పు, 50 గ్రాముల కూరగాయలు, 5 గ్రాముల నూనె. నిద్రలో లేపి అడిగినా చెప్పేదాన్ని. మా ఇంట్లో ఇద్దరం ఎంత తింటున్నామో మాత్రం ఏనాడూ చూసుకోలేదు. మధ్యాహ్నం మూడు కప్పులు, రాత్రికి రెండు కప్పులు కుక్కర్లో పెట్టడమే నాకు తెలిసిన లెక్క.

పోయిన సంక్రాంతి తర్వాత మావారి రక్తపరీక్షలో షుగర్ గీత మీద ఉందన్నారు. చేతికొక చీటీ ఇచ్చారు. అందులో ‘అన్నం ఒక కప్పు’ అని రాసుంది. ఏ కప్పు? ఇంటికొచ్చి నీళ్లు పోసి కొలిచాను. టీ కప్పులో 120 మిల్లీలీటర్లు, కుక్కర్‌తో వచ్చిన ప్లాస్టిక్ కప్పులో 180, స్టీలు గిన్నెలో 220 పట్టాయి. పైగా కప్పు బియ్యమా, కప్పు అన్నమా? ఆ చీటీతో ఏ పనీ జరగదని తేలిపోయింది. ఐదారు వందలు పెట్టి వంటింటి కాటా ఒకటి కొన్నాను.

ముందు ఎంత తినమంటున్నారో చూద్దాం. మన హైదరాబాద్ తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఆహార మార్గదర్శకాలు విడుదల చేసింది. రోజుకు 2000 కేలరీలు చాలిన మనిషికి బియ్యం, గోధుమ, చిరుధాన్యాలు అన్నీ కలిపి 250 గ్రాములు, పప్పుదినుసులు 85, కూరగాయలు ఆకుకూరలతో సహా 400, పండ్లు 100, పల్లీలు నువ్వుల్లాంటి గింజలు 35, నూనె నెయ్యి కలిపి 27 గ్రాములు, పాలు పెరుగు 300 మిల్లీలీటర్లు. పొలం పనికి వెళ్లేవాళ్లకు ఇది చాలదు. రిటైరై ఇంట్లో ఉండే మాబోటి వాళ్లకు సరిపోతుంది.

ఇక్కడే చాలామంది పొరబడుతున్నారు. ఆ అంకెలన్నీ వండకముందు తూకాలు. 250 గ్రాములంటే బియ్యం, అన్నం కాదు. ఇది తెలియక మా చెల్లెలు రోజుకు పావుకిలో అన్నమే తిని వారం రోజులు నీరసపడింది. బియ్యం ఉడికితే రెండున్నర నుంచి మూడింతలు తూగుతుంది. మీ ఇంట్లో ఎంతో మీరే చూసుకోవాలి.

పద్ధతి చెబుతాను. మొదటి మూడు రోజులు ఏమీ తగ్గించకండి, రోజూ వండినట్టే వండండి. కాటా మీద ఖాళీ గిన్నె పెట్టి ‘టేర్’ అని ఉన్న బటన్ నొక్కితే సున్నా చూపిస్తుంది. అప్పుడు బియ్యం పోసి అంకె రాసుకోండి. నాకు కుక్కర్ కప్పుకు 150 గ్రాములు వచ్చింది. ఉడికాక అన్నాన్ని వేరే గిన్నెలోకి తీసి మళ్లీ తూచండి. మా ఇంట్లో 450 గ్రాముల బియ్యం 1260 గ్రాముల అన్నమైంది, అంటే 2.8 రెట్లు. కంచంలో ఎంత అన్నం ఉంటే దాన్ని ఈ 2.8తో భాగిస్తే ఎంత బియ్యం తిన్నామో తెలుస్తుంది.

మొదటి రోజు మావారి కంచాన్ని కాటా మీదే పెట్టి వడ్డించాను. అన్నం వడ్డించే గరిటెను మేం హస్తం అంటాం. పప్పులోకి రెండు హస్తాలు, కూరలోకి రెండు, చారులోకి రెండు, పెరుగులోకి రెండు. కాటా మీద అన్నం అంకె పెరుగుతూ పోయి 718 గ్రాముల దగ్గర ఆగింది. అంటే ఆ ఒక్క పూటకే 256 గ్రాముల బియ్యం, రోజు మొత్తానికి చెప్పినదానికన్నా ఎక్కువ. ఇంకా రాత్రి భోజనం ఉంది, పొద్దున తిన్న టిఫిన్ ఉంది.

ఆయన మాత్రం కంచం వైపు చూస్తూ కూర్చుండిపోయారు. “అన్నం కొలిచి పెట్టే ఇల్లయిపోయిందా ఇది?” అన్నారు. నాకూ కళ్లలో నీళ్లు తిరిగాయి. మన ఇళ్లలో ముద్దలు లెక్కపెట్టడం తప్పని పెరిగినవాళ్లం. అందుకే నా మాట వినండి, మనిషి ముందు కంచం తూచకండి. కుక్కర్లో పెట్టేముందు బియ్యం తూచుకోండి, భోజనాలయ్యాక మిగిలిన అన్నం తూచి 2.8తో భాగించండి, తేడా మీరు తిన్న బియ్యం. ఇద్దరు ముగ్గురున్న ఇంట్లో ఎవరెన్ని హస్తాలు వేసుకున్నారో గుర్తుపెట్టుకుంటే చాలు. మా హస్తం ఒకసారి నిండుగా తీస్తే 90 గ్రాముల అన్నం, అంటే 32 గ్రాముల బియ్యం. ఈ లెక్క ఒక్కటి తెలిశాక కాటా అవసరం సగం తీరిపోయింది.

ఇడ్లీ, దోసెల్లాంటి వాటికి కంచంలో తూచి లాభం లేదు, పిండి లెక్క చూడాలి. నేను 300 గ్రాముల ఇడ్లీ రవ్వకు 150 గ్రాముల మినప్పప్పు పోస్తాను. 28 ఇడ్లీలయ్యాయి. ఒక్కో ఇడ్లీలో రవ్వ 11 గ్రాములకు కాస్త తక్కువ, పప్పు 5 గ్రాముల పైన. నాలుగు ఇడ్లీలంటే 43 గ్రాముల రవ్వ, 21 గ్రాముల పప్పు. మేం తింటున్నవాటిలో అంత పొందికైన తిండి ఇంకోటి కనిపించలేదు నాకు. ఉప్మా రోజున ఇద్దరికీ కలిపి 200 గ్రాముల బొంబాయి రవ్వ పోసేదాన్ని, అందులో పప్పు పోపులో వేసిన నాలుగు గింజలే. పెసరట్టు పప్పు లెక్కలోకే వస్తుంది కాబట్టి ధైర్యంగా తినొచ్చు, పక్కన ఉప్మా లేకపోతే.

అసలు గుండె గుభేలుమన్నది మిగతావి తూచినప్పుడు. కందిపప్పు ఇద్దరికీ కలిపి 60 గ్రాములు. రాత్రికి పప్పు ఉండదు, చారే. ఇద్దరికీ కలిపి 170 గ్రాములు పడాల్సిన చోట ఇడ్లీ రోజున కూడా వంద దాటింది, అంతే. పావుకిలో బెండకాయలు ముచ్చికలు తీసి తూస్తే 220 గ్రాములు, ఆ వేపుడే రెండు పూటలకూ. కావాల్సింది 800. అందులోనూ బంగాళాదుంపను కూరగాయల కింద లెక్కపెట్టకూడదు. మేం తిండి ఎక్కువ తింటున్నామనుకున్నాను. అన్నం దాదాపు రెట్టింపు, పప్పు సగం, కూరలు పావు వంతు.

కారణం మన వడ్డనలోనే ఉంది. పప్పన్నం, కూరన్నం, చారన్నం, పెరుగన్నం. ప్రతిదానికీ మళ్లీ అన్నం కావాలి. నాలుగు రకాలు చేస్తే నాలుగుసార్లు అన్నం. అందుకని మారు అన్నం వద్దని అనడం మానేసి, వరుస మార్చాను. ముందు కంచంలో కూర, ఒక గిన్నె నిండా పప్పు. పప్పు ఇదివరకటికన్నా గట్టిగా, తోటకూరో పాలకూరో గుప్పెళ్లకొద్దీ వేసి వండుతున్నాను. ఆ తర్వాత అన్నం. పప్పుకూ కూరకూ కలిపి రెండు హస్తాలు, చారుకు ఒకటి, పెరుగుకు ఒకటి. రాత్రి రెండు హస్తాలు, పెరుగన్నం బదులు మజ్జిగ తాగడం. రోజుకు ఆరు హస్తాలంటే 190 గ్రాముల బియ్యం, టిఫిన్‌తో కలిపి 250 లోపే. మావారు ఒక్కోరోజు ఏడు వేయించుకుంటారు, నేను చూడనట్టే ఉంటాను.

ఒక్కటి మాత్రం మర్చిపోకండి. షుగర్ మాత్రలో ఇన్సులినో వాడుతున్నవాళ్లు డాక్టరుకు చెప్పకుండా అన్నం ఒక్కసారిగా తగ్గించకూడదు, షుగర్ పడిపోవచ్చు. కిడ్నీ జబ్బున్నవాళ్లు పప్పు పెంచేముందు అడగాలి.

నూనె, ఉప్పు చెంచాల్లో కొలవలేం. నెల లెక్కే మేలు. లీటరు ప్యాకెట్‌లో నూనె 910 గ్రాములు. తలకు 27 చొప్పున ఇద్దరికీ నెలకు 1620 గ్రాములు, అంటే రెండు ప్యాకెట్లకన్నా తక్కువే, అదీ నెయ్యితో కలిపి. మాకు నాలుగు అయ్యేవి. ఉప్పు తలకు రోజుకు 5 గ్రాములు దాటొద్దంటారు. కిలో ప్యాకెట్ ఇద్దరికీ మూడు నెలలు రావాలి, మాది నెలన్నరకే ఖాళీ. ఆవకాయలో పడ్డ ఉప్పు వేరే.

ప్యాకెట్ విప్పిన రోజు తేదీ దాని మీదే పెన్నుతో రాయండి. బియ్యం బస్తా మీదా అంతే. 25 కిలోల బస్తా మాకు నెలా మూడు రోజులకు అయిపోయేది. ఇప్పటి బస్తా విప్పి 56 రోజులైంది, అడుగున ఇంకా రెండు మూడు కిలోలున్నాయి.

కొత్త బస్తా విప్పినప్పుడు మాత్రం అన్నం మళ్లీ తూచాలి. పాత బియ్యం బాగా ఒదుగుతుంది, కొత్త బియ్యం ఒదగదు. ఆ 2.8 అప్పుడు 2.5 కావచ్చు, హస్తం లెక్కా దాంతోపాటే మారుతుంది.