ఎండోమెంట్ పాలసీ సరెండర్ చేసే ముందు: తెలిసినోళ్ళకి అమ్ముకునేది ఎట్ల

అమ్మ ఆపరేషన్‌కి తెచ్చిన అప్పు తీర్చేద్దామని పోయినేడు నా ఎండోమెంట్ పాలసీ (గడువు తీరినాక బోనస్‌తో కలిపి డబ్బు చేతికొచ్చే ఇన్సూరెన్స్) బాండ్ బ్యాగులో పెట్టుకుని కొర్లగుంట నుంచి బయల్దేరినా, సరెండర్ చేసేద్దామనే, అంటే గడువు తీరకముందే పాలసీ కంపెనీకి వాపసిచ్చి వచ్చినంత తీసుకుందామనే పోతా ఉన్నా, దారిలో మా అక్క ఫోన్ చేస్తే విషయం చెప్పినా. పక్కనే ఉన్న బావ ఫోన్ తీసుకుని "ఆగబ్బా, నాకు రిటైర్మెంట్ డబ్బు వచ్చుండాది, ఎఫ్‌డీ వేద్దామనుకుంటా ఉండా, ఆ పాలసీ ఏదో నేనే తీసుకుంటాలే" అన్నాడు. పాలసీని ఇంకొకరికి అమ్మొచ్చని అప్పటిదాకా నాకూ తెలీదు. చానామందికి తెలీక నష్టానికి సరెండర్ చేసేస్తా ఉండారు, అందుకే అంతా రాస్తా ఉన్నా.

దీన్ని అసైన్‌మెంట్ అంటారు. 1938 ఇన్సూరెన్స్ చట్టంలో 38వ సెక్షన్, 2015లో దాన్ని మార్చినారు. పాలసీ మీద మనకుండే హక్కంతా ఇంకొకరికి రాసిచ్చేస్తే అది అబ్సల్యూట్ అసైన్‌మెంట్, అమ్మకానికి కావాల్సింది ఇదే. షరతు పెట్టి రాసే కండిషనల్ అసైన్‌మెంట్ వేరే, ఫారంలో అది టిక్ పెట్టొద్దండి. ఒకవేళ డబ్బు ఆరు నెలలకో ఏడాదికో సర్దుకునేదైతే అమ్మే పనే లేదు, పాలసీ మీద లోన్ తీసుకుంటే సరిపోతుంది.

ముందు ఎంతకి అమ్మాలో తేల్చుకోవాల. ఇక్కడే చుట్టాల మధ్య మాటొస్తుంది కాబట్టి నోటి లెక్క వద్దు, ఇద్దరూ కాగితం మీద వేసుకోండి. ఆఫీసులో ఆ రోజుకి సరెండర్ విలువ ఎంత, ఇప్పటిదాకా చేరిన బోనస్ ఎంత, లోన్ ఏమన్నా ఉందా, ఈ మూడూ రాయించుకుని తీసుకోండి. నాది 3 లక్షల పాలసీ, 20 ఏళ్ళది, ఏడాదికి 15,000 కంతు, 16 కంతులు కట్టేసినా. బోనస్ ఏడాదికి 13,500 లెక్కన 2,16,000 చేరింది. సరెండర్ చేస్తే 3,48,000 వస్తుందన్నారు. అదే బావ తీసుకుని మిగతా 4 కంతులు, అంటే 60,000 కడితే, బోనస్ ఇదే రేటున వస్తే చివర్లో 5,70,000 వస్తుంది. మేము 3,80,000 అనుకున్నాం. ఆ రేటుకి బావకి ఏడాదికి దగ్గర దగ్గర 7 శాతం పడతా ఉంది, నాకు సరెండర్ కన్నా 32,000 ఎక్కువ. ముందుముందు బోనస్ ఇంతే ఇస్తారని గ్యారంటీ లేదు, తగ్గితే ఆ నష్టం కొన్నోళ్ళదే, ఈ మాట డబ్బు చేతులు మారకముందే చెప్పేయాల, నేను బావకి రెండుసార్లు చెప్పినా. సరెండర్ విలువకీ ఇట్ల లెక్కేసిన రేటుకీ మధ్యలో ఎక్కడ కుదిరినా ఇద్దరికీ మంచిదే.

ఇంక అసలు భయపడాల్సింది రాతకోతల దగ్గర. మా వీధిలో ఒకాయన తోడల్లుడి దగ్గర పాలసీ కొన్నాడు, 100 రూపాయల స్టాంప్ పేపర్ మీద రాసుకుని బాండ్ బీరువాలో పెట్టుకున్నాడు, రెండేళ్ళు కంతులు కూడా కట్టినాడు, కంపెనీకి మాత్రం చెప్పలేదు. ఆ తోడల్లుడు చనిపోయినాడు. కంపెనీ రికార్డులో నామినీ భార్యే కదా, డబ్బు ఆమెకి పోయింది, ఆమెకి ఈ అమ్మకం సంగతే తెలీదు. ఇప్పటికీ ఆ రెండిళ్ళ మధ్య మాటల్లేవు. బాండ్ చేతిలో ఉన్నంత మాత్రాన పాలసీ మనదైపోదు. రాతపూర్వకంగా నోటీసు, దాంతోపాటు రాసిన పత్రం కంపెనీకి చేరితేనే వాళ్ళ మీద అది చెల్లుతుంది.

రాసేది రెండు రకాలు. బాండ్ వెనకే రాయొచ్చు, దాన్ని ఎండార్స్‌మెంట్ అంటారు, లేదా వేరే పత్రం రాసుకోవచ్చు, దానికైతే స్టాంప్ డ్యూటీ కట్టాల. మేము బాండ్ వెనకే రాసినాం. ఎవరికి ఇస్తా ఉన్నాం, ఆయన మనకేమవుతాడు, ఏం చేస్తాడు, ఎందుకు ఇస్తా ఉన్నాం, ఎంత తీసుకున్నాం, అన్నీ ఉండాల, చట్టంలోనే కారణం, షరతులు రాయమని ఉంది. కింద నా సంతకం, ఒక సాక్షి సంతకం. నేను తొందరలో ఇంగ్లీషులో గీకిన సంతకం పెట్టబోతే బావ చెయ్యి పట్టుకుని ఆపినాడు, 16 ఏళ్ళ కింద పాలసీ తీసుకునేటప్పుడు ప్రపోజల్ ఫారంలో పెట్టింది తెలుగు సంతకం! అది తేడా పడుంటే మళ్ళీ ఇంకో తిరుగుడు. బావ పాన్, ఆధార్, క్యాన్సిల్డ్ చెక్, నోటీసు, చిన్న ఫీజు, అన్నీ కలిపి ఇచ్చి, అందినట్టు రాతలో రసీదు అడిగి తీసుకున్నాం.

మొదట కౌంటర్లో ఉన్నాయన "అట్ల కుదరదు, సరెండర్ చేసుకోండి" అనేసినాడు. నోటిమాటకి వెనక్కి రావద్దండి. నిజమైన బదిలీ కాదనో, పాలసీదారుడికి నష్టమనో, జనానికి మంచిది కాదనో, పాలసీల వ్యాపారమనో అనిపిస్తే కంపెనీ కాదనొచ్చు, కానీ కారణం రాసి, నోటీసు ఇచ్చిన 30 రోజుల్లోపల చెప్పాల. అది నచ్చకపోతే ఇంకో 30 రోజుల్లోపల ఇన్సూరెన్స్ కంపెనీల మీద అజమాయిషీ చేసే ఐఆర్‌డీఏఐకి పెట్టుకోవచ్చు. పాలసీలు కొంటామని తిరిగే బ్రోకర్ల జోలికి పోవద్దనేది కూడా ఇందుకే. అయినోళ్ళకి ఒక్క పాలసీ ఇచ్చేది వ్యాపారం కాదు.

డబ్బు బ్యాంకులోనే వేయించుకోండి, 2 లక్షలు అంతకు పైన నగదు తీసుకునేది చట్టం ఒప్పుకోదు. పన్ను సంగతి ఆడిటర్ని అడగండి, ఇన్‌కమ్ ట్యాక్స్ మినహాయింపు ఉండేది పాలసీ కింద కంపెనీ ఇచ్చే డబ్బుకి, బావ నాకిచ్చింది అది కాదు కదా. పెళ్ళాం పిల్లల పేరున ఎండబ్ల్యూపీ (మ్యారీడ్ ఉమెన్స్ ప్రాపర్టీ) చట్టం కింద తీసుకున్న పాలసీ అయితే ఇట్ల అమ్మేదానికి లేదు.

ఇంట్లో ఆడోళ్ళకి చెప్పకుండా మాత్రం చేయొద్దండి. అసైన్ చేస్తే పాత నామినేషన్ పోతుంది, కానీ ఇన్సూరెన్స్ ఉండేది ఇంకా నా ప్రాణం మీదే. రేపు నాకేమన్నా అయితే ఆ డబ్బు బావకి పోతుంది, నా భార్యకి కాదు. ఆమెని కూర్చోబెట్టి ఇదంతా చెప్పినా, ఒక రోజంతా మాట్లాడలేదు, తర్వాత "ముందు టర్మ్ పాలసీ తీసుకో, ఆ తర్వాతే సంతకం పెట్టు" అనింది. టర్మ్ పాలసీ అంటే మనం పోతే ఇంట్లోవాళ్ళకి డబ్బొచ్చే ఉత్త ప్రాణ బీమా. అట్లే చేసినా. ఆమె మాట ఎంత కరెక్టో ఇప్పుడు అర్థమవుతా ఉంది.

పాలసీ కొన్నోళ్ళు కంతు తప్పితే అది ల్యాప్స్ అయ్యి పూర్తి కవర్ ఆగిపోతుంది, మళ్ళీ లేపాలంటే ఆరోగ్యం గురించి అమ్మినోళ్ళే రాసివ్వాల్సి రావొచ్చు, కాబట్టి మెసేజీలు కొత్త ఓనరు నంబరుకి మార్పించండి. రిజిస్టర్ అయినట్టు లెటర్ వచ్చినాక పాలసీ నంబరు, పేరు స్పెల్లింగు సరిచూసుకోండి, మా బావ పేరులో ఒక అక్షరం తప్పు పడితే ఆ వారమే సరిచేయించినాం.