శాంతి చర్చల్లో పొలిటికల్ అఫైర్స్ ఆఫీసర్‌గా పని చేయాలంటే

ఐక్యరాజ్యసమితిలో పొలిటికల్ అఫైర్స్ ఆఫీసర్ అనగానే చాలామంది రెండు పక్షాల మధ్య కూర్చుని రాజీ కుదిర్చే మనిషిని ఊహించుకుంటారు. ఆ కుర్చీ మధ్యవర్తిది, అంటే ప్రధాన కార్యదర్శి పంపిన రాయబారిది. మీరు వెనక వరుసలో నోట్‌బుక్కు, పెన్నుతో ఉంటారు. ఎవరేమన్నారో రాసుకోవడం, ఆ మాట వెనక ఎవరున్నారో కనుక్కోవడం, రేపు పొద్దున మీ బాస్ ఏం అడగాలో ఈ రాత్రికే కాగితం మీద పెట్టడం, ఇదీ ఉద్యోగం. ఫొటోల్లో కనిపించరు, కానీ మీ కాగితం తప్పయితే మధ్యవర్తి మాట కూడా తప్పుతుంది, దాని ఖరీదు కట్టేది ఆ దేశం జనం.

మన ఊళ్లో పంచాయితీకి కూర్చున్న పెద్దమనిషి చివరికి ఏదో ఒక తీర్పు చెప్తాడు. ఇక్కడ తీర్పు ఉండదు. ఇద్దరూ సరేనంటేనే మధ్యవర్తికి లోపల చోటు, ఒకరు వద్దంటే బయటికి రావాల్సిందే. ఈ ఒక్క సంగతి గుర్తుంటే మిగతా పనులన్నీ ఎందుకు అలా చేస్తారో అర్థమవుతుంది.

నేపాల్‌ని ఉదాహరణగా తీసుకుందాం. మనకి దగ్గర, పైగా అక్కడి రాజకీయాలు మనకి కొంత తెలిసినవే. 1996లో మొదలైన మావోయిస్టు యుద్ధం 2006 నవంబర్ 21న సమగ్ర శాంతి ఒప్పందంతో ముగిసింది. ఐరాస రాజకీయ వ్యవహారాల విభాగం అధికారి తామ్రాత్ సామ్యూల్ అయితే 2003 నుంచే కాఠ్మాండూకి వచ్చిపోతూ ఉన్నారు. అప్పటికి ఐరాసకి మధ్యవర్తి హోదా లేదు, రాజుగారి ప్రభుత్వానికి ఇష్టం లేదు, ఢిల్లీకీ ఇష్టం లేదు. అయినా పార్టీల వాళ్లని, అధికారుల్ని, మావోయిస్టుల్ని కలుస్తూ, వింటూ ఉండటం వల్ల తలుపు తెరుచుకున్న రోజు ఐరాస దగ్గర పరిచయాలు, సమాచారం రెండూ ఉన్నాయి. కాబట్టి చర్చలు మొదలయ్యాక చదువుకుందాంలే అనుకోకండి, అప్పటికి ఆలస్యమైపోతుంది.

చదవడం అంటే ముందు మనుషుల పటం గీయడం. ‘ప్రభుత్వం, తిరుగుబాటుదారులు’ అని రెండు గళ్లు గీస్తే సరిపోదు. నేపాల్‌లో రాజు, సైన్యం, రాజుకి ఎదురుగా ఏకమైన ఏడు పార్టీలు, మావోయిస్టులు, బయట భారత్, అందరూ వేరువేరు లెక్కలతో ఉన్నారు. ఒక్కొక్కరి కింద నాలుగు ప్రశ్నలు రాయండి: వీళ్లలో నిర్ణయం ఎవరిది, ఒప్పుకున్నాక కిందివాళ్లు వింటారా, దేనికి భయపడుతున్నారు, ఒప్పందం కుదరకపోతే ఎవరికి లాభం. తర్వాత అసలు పటంలోనే లేనివాళ్లెవరో చూడండి. ఆ పని సరిగా జరక్కపోతే ఏమవుతుందో కూడా నేపాలే చూపించింది. 2007 జనవరిలో తాత్కాలిక రాజ్యాంగం వచ్చీ రాగానే భారత్ సరిహద్దు పక్కనున్న తరాయి మైదానంలో మధేశీలు, అంటే అక్కడి జనం, రోడ్డెక్కారు, ఎందుకంటే వాళ్ల గోడు ఆ టేబుల్ దగ్గర ఎవరూ గట్టిగా వినలేదు. మహిళల్ని చర్చల్లోకి తేవాలని భద్రతామండలి 1325వ తీర్మానం 2000లోనే చెప్పింది, అయినా ఇప్పటికీ చాలా చర్చల గదుల్లో మగవాళ్లే కనిపిస్తారు. మీ బాస్ అడగకపోయినా ఈ విషయం ప్రతి నోట్‌లో ఎత్తండి.

ఇక నోట్స్. నా ఉద్దేశంలో ఈ ఉద్యోగంలో సగం ఇదే. మీటింగ్ అయిన రాత్రే రాసేయండి, ఎంత అలసటగా ఉన్నా సరే, తెల్లారేసరికి మెదడు వాళ్లు చెప్పిన మాటని మీకు నచ్చినట్టు సర్దేస్తుంది. వాళ్లు అన్నది, మీరు చూసింది, మీరు అనుకుంటున్నది, ఈ మూడింటినీ వేరువేరు పేరాల్లో పెట్టండి. ముఖ్యమైన మాటని వాళ్ల నోట్లోంచి వచ్చినట్టే రాయండి, దుబాసీ ద్వారా విన్నదైతే ఆ సంగతి కూడా రాయండి. ‘ఒప్పుకున్నారు’ అని రాసేముందు ఒకసారి ఆగండి. తల ఊపారా, ‘చూద్దాం’ అన్నారా, ‘మా నాయకత్వాన్ని అడిగి చెప్తాం’ అన్నారా? ఈ మూడూ ఒకటి కావు. ఏ ప్రస్తావనకి ఎవరు మౌనంగా ఉండిపోయారో కూడా రాసుకోండి, తర్వాత పనికొస్తుంది. బాస్‌కి పంపే నోట్ రెండు పేజీలు దాటకూడదు, అసలు సంగతి మొదటి మూడు లైన్లలో ఉండాలి, ఎందుకంటే కారులో వెళ్తూ ఆయనో ఆవిడో చదివేది ఆ మూడు లైన్లే. మీతో మాట్లాడిన మనిషికి ప్రమాదం ఉంటే పేరు రాయకండి, మామూలు ఫోన్‌లో అసలు మాట్లాడకండి.

తర్వాతది డ్రాఫ్టింగ్, అంటే ఒప్పందాల, లేఖల పాఠం మాట మాటా చూసి రాయడం. 2006 జూలైలో నేపాల్ ప్రభుత్వం ఆయుధాల విషయంలో సాయం చేయమని ఐరాసకి ఒక లేఖ పంపింది. మావోయిస్టులకి అందులోని మాటలు నచ్చలేదు, అభ్యంతరం చెబుతూ వాళ్లు వేరే లేఖ పంపారు. ఐరాస బృందం ఒకటి వెళ్లి మాట్లాడాక, ఆగస్టు 9న రెండు పక్షాలూ ఒకే పాఠంతో లేఖలు పంపాయి, దాంతో ఐరాసకి పని చేయడానికి ఆధారం దొరికింది. మీరు చేయాల్సింది ఇలాంటి పనే: రెండు పాఠాలు పక్కపక్కన పెట్టి, ఎక్కడ కలుస్తున్నాయో, ఏ వాక్యం దగ్గర ఆగుతున్నాయో గుర్తుపెట్టి, ఇద్దరూ తమ వాళ్ల ముందు తలెత్తుకుని చదవగలిగే మూడో వాక్యం వెతకడం.

ఆయుధాల ఒప్పందంలో ఆ వెతుకులాట ఎంత దూరం పోయిందో చూడండి. మావోయిస్టు సేన తుపాకుల్ని అప్పగించలేదు, శిబిరాల్లోనే కంటైనర్లలో పెట్టి తాళం వేసింది, తాళంచెవి తన దగ్గరే ఉంచుకుంది. ఐరాస పరిశీలకులు కాపలా చూశారు, ఎవరైనా తెరిస్తే సైరన్ మోగేలా ఏర్పాటు చేశారు. నేపాల్ సైన్యం కూడా అంతే సంఖ్యలో ఆయుధాల్ని దాచిపెట్టింది. లొంగిపోయాం అనే మాట ఎవరి నోటా రాలేదు, తుపాకులు మాత్రం జనంలోంచి పోయాయి. ఇలాంటి ఏర్పాటు ఆలోచించాలంటే సైనిక వ్యవహారాలు తెలిసినవాళ్లని పక్కన కూర్చోబెట్టుకోవాలి, రాజకీయాలు చదివినంత మాత్రాన ఇవి తెలియవు.

సంఖ్యలతో జాగ్రత్త. నేపాల్‌లో శిబిరాల్లో మావోయిస్టు సైనికులుగా 32,250 మంది పేర్లు నమోదయ్యాయి, పరిశీలన అయ్యాక 19,602 మంది మిగిలారు. 4,008 మందిని అనర్హులని తేల్చారు, వాళ్లలో ఎక్కువమంది మైనర్లు. వాళ్లని ఇళ్లకి పంపేసరికి 2010 వచ్చేసింది. ఒప్పందంలో గడువు, బాధ్యత ఎవరిదన్నది స్పష్టంగా లేకపోతే పిల్లలు శిబిరాల్లో ఏళ్లకేళ్లు ఉండిపోతారు, కాబట్టి ప్రతి క్లాజ్ పక్కన ‘ఎవరు, ఎప్పటికి, డబ్బెవరిది’ అని రాసుకోండి.

ఎంత శాంతి కోసమైనా దాటకూడని గీతలు కొన్ని ఉన్నాయి. 1999 జూలైలో పశ్చిమ ఆఫ్రికా దేశం సియెర్రా లియోన్‌లోని అంతర్యుద్ధం గురించి టోగో రాజధాని లోమేలో ఒప్పందం జరిగినప్పుడు అందరికీ క్షమాభిక్ష అని రాశారు. మారణహోమం, యుద్ధ నేరాలు, మానవాళిపై నేరాలకి ఆ క్షమాభిక్షని ఐరాస గుర్తించదని దాని ప్రతినిధి సంతకం దగ్గర ప్రత్యేకంగా చేర్చారు. క్షమాభిక్ష మాట వచ్చిన రోజే మీ బాస్‌కి చెప్పండి, సంతకాల రోజున కాదు.

ఇక మీ నడవడిక. ఒక పక్షంతో భోజనం చేస్తే రెండో పక్షంతోనూ చేయండి. అభిప్రాయం అడిగితే ఎదురు ప్రశ్న వేయండి. సోషల్ మీడియాలో ఆ దేశం గురించి ఒక్క లైక్ కూడా కొట్టకండి, స్క్రీన్‌షాట్ మర్నాడు టేబుల్ మీదికి వస్తుంది. టెన్షన్ మామూలుగా ఉండదు, నెలల తరబడి ఏమీ కదలదు, ఒక్కసారిగా మూడు రాత్రులు నిద్రుండదు. ఇంట్లోవాళ్లకి ఇది ముందే చెప్పి పెట్టుకోండి.

చేరడం ఎలా? ఐరాస యంగ్ ప్రొఫెషనల్స్ ప్రోగ్రాం పరీక్ష ఒక దారి, డిగ్రీ ఉండాలి, వయసు 32 దాటకూడదు, అర్హత ఉన్న దేశాల జాబితా ఏటా మారుతుంది కాబట్టి ఆ ఏడు భారత్ ఉందో లేదో చూసుకోండి. లేదంటే ఐరాస వాలంటీర్‌గానో, మానవ హక్కుల సంస్థలోనో ఫీల్డ్ అనుభవం సంపాదించి పైకి రావచ్చు, చాలామంది అలాగే వచ్చారు. ఇంగ్లిష్‌తో పాటు ఫ్రెంచ్ గానీ అరబిక్ గానీ నేర్చుకోండి. నిధుల కొరత వల్ల ఈ మధ్య నియామకాలు బాగా తగ్గాయి, అది తెలిసే ప్రయత్నించండి. ఐరాస ఏ దశలోనూ ఫీజు తీసుకోదు, ఎవరైనా డబ్బు అడిగితే మోసమే.

ప్రాక్టీస్‌కి విదేశం పోనక్కర్లేదు. 2004 అక్టోబర్‌లో హైదరాబాద్‌లో రాష్ట్ర ప్రభుత్వానికి, మావోయిస్టు, జనశక్తి అనే నక్సలైట్ పార్టీల ప్రతినిధులకి చర్చలు జరిగాయి, దాని వెనక రిటైర్డ్ ఐఏఎస్ అధికారి ఎస్.ఆర్. శంకరన్ గారి నాయకత్వంలోని పౌర స్పందన వేదిక ఏళ్ల తరబడి పని చేసింది. మరుసటి జనవరికల్లా అంతా ఆగిపోయింది. అది దేశం లోపలి వ్యవహారం, అయినా పని తీరు ఇదే. లైబ్రరీకి వెళ్లి ఆ నెలల పేపర్లు తిరగేయండి. ఎవరు నిర్ణయించగలిగేవాళ్లు, ఎవరు గది బయట ఉండిపోయారు, చర్చల కాలంలో నక్సలైట్లు ఆయుధాలతో తిరగొచ్చా అన్న పేచీలో ఇద్దరికీ పనికొచ్చే వాక్యం ఏదైనా ఉందా అని రెండు పేజీల నోట్ రాయండి. రాశాక మీ రాజకీయాలకి పూర్తిగా ఎదురు ఉండే స్నేహితుడికి ఇచ్చి చదివించండి. మీరు ఎటువైపో అతను పట్టేస్తే మళ్లీ రాయండి.