పెద్దల టీకా, ఇంటింటి పాఠాలు – 3వ భాగం: ‘నాకెందుకు బిడ్డా ఇగ’ అన్నప్పుడు

ఇంటింటికీ పోయి పెద్దలకు టీకా సంగతి చెప్పేవాళ్ల కోసం ఈ పాఠాలు. మొదటి పాఠంలో మన వాడలో 60 ఏళ్లు దాటినవాళ్ల జాబితా రాసుకున్నాం. రెండో పాఠంలో ఎప్పుడు పోవాలో చూశాం. పత్తి ఏరే రోజుల్లో, మిర్చి తెంపే రోజుల్లో పొద్దెక్కితే ఇంట్లో వయసు పైబడినవాళ్లు తప్ప ఎవరూ ఉండరు. నిర్ణయం చెప్పే కొడుకో కోడలో కావాలంటే చీకటి పడే వేళకు పోవాలి. ఈ పాఠం మనం గడప దాటి మంచం పక్కన కూర్చున్నాక మొదలవుతుంది.

మనం చెబుతున్నవి రెండు టీకాలు. ఫ్లూ వైరస్ రూపం మార్చుకుంటూ పోతుంది కాబట్టి ఫ్లూ సూది ఏడాదికోసారి వేయించుకోవాలి. వేయించుకున్న సుమారు రెండు వారాలకు గానీ ఒంట్లో రక్షణ తయారవదు. రెండోది న్యుమోకాకల్ టీకా. ఊపిరితిత్తులకు పట్టే న్యుమోనియాలో ఒక ముఖ్యమైన రకాన్ని ఇది అడ్డుకుంటుంది. ఏ రకం, ఎన్ని డోసులు అన్నది డాక్టరే చెప్పాలి, మనం చెప్పకూడదు. రెండు వారాల లెక్క మాత్రం మీకు నోటికి రావాలి. సంక్రాంతికి ఐనవోలు మల్లన్న జాతరకు పోయే తాతకు, మాఘమాసంలో మేడారం పోయే అవ్వకు ప్రయాణం ముందురోజు సూది వేయిస్తే ఆ రద్దీలో అది అక్కరకు రాదు.

వెళ్లగానే టీకా మాట ఎత్తకండి. వయసును బట్టి, వరసను బట్టి అవ్వా, తాతా, కాకా, పెద్దమ్మా అని పిలవండి. కిందనో పీటమీదనో వాళ్ల ఎత్తులోనే కూర్చోండి. నిలబడి మాట్లాడితే సర్వేకు వచ్చినట్టే ఉంటుంది. బీపీ గోలీలు అయిపోయాయా, మోకాళ్లు ఎలా ఉన్నాయి, మొన్న దవాఖానలో షుగర్ ఎంత ఉందన్నారు అని అడగండి. ఈ మాటలు మర్యాద కోసం మాత్రమే కాదు. షుగర్, గుండెజబ్బు, ఆయాసం ఉన్నవాళ్లకే ఫ్లూ ఎక్కువ నష్టం చేస్తుంది. కాబట్టి ఆ జవాబుల్లోనే ఎవరికి ముందు కావాలో మీకు తెలిసిపోతుంది. రక్తం పలచబడే గోలీలు వాడుతున్నారేమో కూడా ఇక్కడే తెలుస్తుంది. వాడుతున్నా టీకా వేయించుకోవచ్చు. సూది వేసే సిస్టర్‌కు ముందే చెప్తే సన్నసూదితో వేసి, రుద్దకుండా కాసేపు గట్టిగా నొక్కి పడతారు.

ఇక అసలు మాట. ఊళ్లో మనకు ఎక్కువగా వినిపించే జవాబు ఇది:

“నాకెందుకు బిడ్డా ఇగ. గింత బతుకు బతికిన. పోరగాండ్లకు ఏపియ్యుండ్రి.”

కొత్తగా వచ్చినవాళ్లు ఇక్కడే తొందరపడతారు. “అట్లనకు అవ్వా, నువ్వు నూరేండ్లు బతుకాలె” అంటారు. అవ్వ నవ్వుతుంది, మాట అక్కడికి అయిపోతుంది. మరికొందరు జబ్బుల పేర్లు చదవడం మొదలుపెడతారు. ఆమెకు జబ్బుల సంగతి తెలియక కాదు. ఆమె అడిగింది వేరు. ఈ వయసులో నా మీద ఇంత ఖర్చు, ఇంత శ్రమ ఎందుకు అని అడుగుతోంది. తనను తాను లెక్కలోంచి తీసేసుకుంది. వరంగల్, జనగామ, భూపాలపల్లి పల్లెల్లో వయసైన ఆడవాళ్లు ఇంట్లో అందరికీ పెట్టి చివర్లో తిన్నట్టే, దవాఖాన విషయంలోనూ తమ వంతు చివర్లోనే పెట్టుకుంటారు. అది అర్థం కాకుండా ఎంత సమాచారం చెప్పినా గోడకు చెప్పినట్టే.

అందుకని జవాబు చెప్పకండి. ఆమె అన్న మాటనే తిరిగి అడగండి.

“గింత బతుకు బతికిన అంటున్నవు అవ్వా. ఇగ ఏం రంది ఉన్నది నీకు?”

అడిగి ఆగండి. ఈ పాఠంలో ఇదే కష్టమైన భాగం. మౌనం భరించలేక మనమే మాట్లాడేస్తాం. మాట్లాడకండి. అవ్వ చీర కొంగు సర్దుకుంటుంది, కోడి పిల్లలను అదిలిస్తుంది, తర్వాత చెబుతుంది.

“సచ్చుడుకు రంది లేదు బిడ్డా. మంచంల వడ్తనేమో అని. కోడలు కూలికి పోతది, ఎవ్వలు చేస్తరు?”

ఇప్పుడు మాట దొరికింది. “గందుకే అవ్వా ఈ సూది. సావు ఆపేతందుకు కాదు. జరం వచ్చి, దమ్ము పట్టి, మంచంల వడే బాధ తగ్గేతందుకు.”

ఈ మాట నిజం కూడా. పెద్దవయసులో ఫ్లూ అంటే రెండు రోజుల జ్వరం కాదు. అది న్యుమోనియాలోకి దిగొచ్చు. వారం రోజులు మంచం పట్టినా కాళ్లలో బలం తగ్గిపోతుంది. అంతకుముందు సొంతంగా బావి దాకా నడిచిన మనిషి ఆ తర్వాత ఊతం లేకుండా లేవలేకపోతుంది. గుండె సంగతి కూడా ఉంది. 2018లో కెనడాలో వచ్చిన ఒక పరిశోధనలో, ఫ్లూ ఉన్నట్టు తేలిన తర్వాతి మొదటి వారంలో గుండెపోటు ప్రమాదం సుమారు ఆరింతలు పెరిగినట్టు కనిపించింది. గుండెకు స్టెంటు వేయించుకున్న తాత ఇంట్లో ఈ సంగతి తప్పక చెప్పండి. అంకెలు వల్లించకండి. “ఫ్లూ జరం గుండె మీద వడ్తది తాతా” అంటే చాలు.

ఒక హద్దు మాత్రం దాటకండి. భారం అన్న మాట వాళ్ల నోటినుంచి రావాలి. మీరు ముందే “మంచంల వడ్తె కొడుకులకు భారం అయితవు” అన్నారంటే అది బెదిరింపే. ఆ అవ్వ సూదికి వచ్చినా మనసు చిన్నబుచ్చుకుని వస్తుంది, మరుసటి ఏడాది మిమ్మల్ని చూసి తలుపు తీయదు. 2021లో టీకా వేసుకోకపోతే పింఛన్ ఆగుతుంది, రేషన్ ఆగుతుంది అన్న మాటలు ఊళ్లల్లో తిరిగాయి. ఆ భయం ఇంకా కొందరి మనసులో ఉంది. “ఈ సూదికి, నీ పింఛన్‌కు సంబంధం లేదు. వద్దంటె వద్దనే, నేను మల్ల వస్త” అని మీరే చెప్పండి. వద్దనే హక్కు ఉందని తెలిసిన మనిషి వినడానికి కూర్చుంటాడు.

మగవాళ్లలో ఇదే మాట ఇంకో రూపంలో వస్తుంది. భూపాలపల్లి, గోదావరిఖని వైపు సింగరేణి బొగ్గు బాయిల్లో (గనుల్లో) పనిచేసి రిటైర్ అయిన పెద్దయ్యను అడిగి చూడండి. “బాయిల పనిచేసిన పెయ్యి ఇది, నాకేం గాదు” అంటాడు. ఆ గర్వాన్ని కాదనకండి, అది ఆయన సంపాదించుకున్నది. “బాయిల దిగెటప్పుడు టోపీ, లైటు లేకుంట ఎన్నడన్న దిగినవా కాకా?” అని అడగండి. గట్టివాడు కూడా జాగ్రత్తతోనే దిగాడని ఆయనకే గుర్తొస్తుంది. ఏళ్ల తరబడి బొగ్గు దుమ్ము పీల్చిన ఊపిరితిత్తులకు న్యుమోనియా వస్తే తట్టుకోవడం కష్టమని అప్పుడు చెబితే వింటాడు.

‘ఫలానాయన సూది తీసుకున్నంక పోయిండు’

ఈ మాటకు “అదంతా అబద్ధం” అనేశారంటే ఆ ఇంట్లో మీ పని అయిపోయినట్టే. పోయినాయన వాళ్ల చుట్టం కావచ్చు. ముందు ఆ బాధ వినండి. ఎప్పుడు జరిగింది, అంతకుముందు ఏమైనా జబ్బు ఉందా అని మెల్లగా అడగండి. తర్వాత మీకు తెలిసినంతే చెప్పండి. వేల మంది పెద్దలకు సూది వేసినప్పుడు, ఆ వారంలో వేరే కారణంతో పోయేవాళ్లు కూడా వాళ్లలో ఉంటారు. సూది వల్లనే వచ్చే తీవ్రమైన అలర్జీ చాలా అరుదు. వస్తే ఎక్కువగా నిమిషాల్లోనే వస్తుంది. అందుకే వేశాక పదిహేను నిమిషాల నుంచి అరగంట అక్కడే కూర్చోబెడతారు. ఇంతకుముందు ఏదైనా టీకాకు ఒళ్లు వాచి, దమ్ము ఆడని పరిస్థితి వచ్చిందా అని అడగడం మీ బాధ్యత. వచ్చి ఉంటే డాక్టర్‌ను కలిసేదాకా వాళ్లను తొందరపెట్టొద్దు. ఒంట్లో జ్వరం గట్టిగా ఉన్నా ఆ రోజుకు ఆపాలి.

చెయ్యి నొప్పి, కాస్త జ్వరం, ఒళ్లు నొప్పులు ఒకటి రెండు రోజులు ఉండొచ్చు. దాచకుండా ముందే చెప్పండి. మన దగ్గర పెద్దలకు వేసే ఫ్లూ సూదిలో బతికున్న వైరస్ ఉండదు, దానివల్ల ఫ్లూ రాదు. అయితే సూది వేయించుకున్నా ఫ్లూ రావచ్చు. వస్తే అంత ముదరకుండా, దవాఖానలో చేరే అవసరం తగ్గేలా చూస్తుంది. “అసలే రాదు” అని మాటివ్వకండి.

అసలు ఎవరిని అడగాలి

అవ్వ సరేనన్నది. అయినా రాలేదు. ఇది మీకు చాలాసార్లు ఎదురవుతుంది. కారణం అవ్వ కాదు. తీసుకుపోయే బండి, డబ్బులు, మాట ఇవ్వాల్సిన కొడుకు.

జగిత్యాల, కరీంనగర్, నిజామాబాద్ పల్లెల్లో చాలా ఇళ్లల్లో కొడుకు గల్ఫ్‌లో ఉంటాడు. సౌదీలో, కువైట్‌లో శుక్రవారం సెలవు. ఆ రోజు వాట్సాప్‌లో వీడియో కాల్ వస్తుంది. మీరు ఆ సమయానికి అక్కడ ఉండగలిగితే అవ్వనే మాట్లాడమనండి. “ఈ పిల్ల సూది అంటున్నది, ఏపిచ్చుకోనా?” అని ఆమె అడిగితే అంత దూరంలో ఉన్న కొడుకు కాదనడం చాలా అరుదు. మీరు ఫోన్ లాక్కుని ఉపన్యాసం చెప్పకండి. తండాకు పోయేటప్పుడు ఆ తండా పిల్లనో, ఆశా కార్యకర్తనో వెంట తీసుకుపోండి. యాడీ (అమ్మా) అని పిలిచి లంబాడీలో చెప్పే మనిషి మాటకు ఉండే బలం మన మాటకు ఉండదు.

డబ్బు సంగతి సూటిగా చెప్పాలి. పసిపిల్లలకు న్యుమోకాకల్ టీకా ప్రభుత్వం ఉచితంగా వేస్తోంది. పెద్దలకు ఈ రెండు టీకాలూ అలా మామూలుగా అందవు. ఎక్కువమంది కొనుక్కోవాల్సిందే. తెలంగాణలో వృద్ధాప్య పింఛన్‌ను 2019లో 2,016 రూపాయలు చేశారు. ఫ్లూ సూది ఒక్కటే చాలాసార్లు వెయ్యి దాటుతుంది, న్యుమోనియాది ఇంకా ఎక్కువ. ధర దాచి తీసుకుపోతే కౌంటర్ దగ్గర అవ్వ తలవంచుకుని నిలబడాల్సి వస్తుంది. మందుల షాపులో ఆ వారం ధర కనుక్కుని వెళ్లండి. కొనలేని ఇల్లయితే జాబితాలో ఆ పేరు పక్కన గుర్తు పెట్టుకుని, వాళ్ల దగ్గర టీకా మాట ఒత్తిడి లేకుండా ఆపేయండి. ఆ పేర్ల కోసం రిటైర్డ్ ఉద్యోగుల సంఘాలను, ఊరినుంచి వెళ్లి బాగుపడ్డవాళ్లను ఎలా కలవాలో ఐదో పాఠంలో ఉంది. కోవిడ్ టీకా 60 దాటినవాళ్లకు 2021 మార్చి 1న మొదలైంది. అది ఉచితంగా దొరికినా చాలామంది ఇళ్లల్లోనే ఉండిపోయారు. ఆ నవంబరులో ‘హర్ ఘర్ దస్తక్’ పేరుతో దేశమంతా ఇంటింటికీ పోవాల్సి వచ్చింది. డబ్బు సమస్య తీరినా గడప దగ్గర పని మిగిలే ఉంటుంది.

ఈ వారం పని

మీ జాబితాలోంచి బాగా తెలిసిన ఇల్లు ఒకటి, అంతగా తెలియని ఇల్లు ఒకటి తీసుకోండి. రెండు చోట్లా టీకా గురించి ఒప్పించే ప్రయత్నం చేయవద్దు. వాళ్లు వద్దన్న మాటను వాళ్ల యాసలోనే, ఒక్క అక్షరం మార్చకుండా నోటుబుక్కులో రాసుకోండి. దాని కింద మీరు తిరిగి అడిగిన ప్రశ్న, దానికి వచ్చిన జవాబు రాయండి. “భయపడుతోంది” అని మీ మాటల్లో రాస్తే పనికిరాదు. “సూది వోసుకున్న దినం నుంచి నా చెల్లె లేస్తలేదు” అని ఆమె అన్నట్టే రాయాలి.

లేచే ముందు ఒక్కటి అడగండి: “కోడలు వచ్చినంక నేనేం చెప్పిన్నని చెప్తవు అవ్వా?” ఆమె చెప్పింది మీరు చెప్పినదానికి దగ్గరగా ఉందో లేదో చూసుకోండి. తేడా ఉంటే ఆమెను సరిదిద్దకండి, మీరు చెప్పిన తీరు మార్చి ఇంకోసారి చెప్పండి. ఆ తేడా కూడా నోటుబుక్కులో రాయండి. నాలుగో పాఠం ఆ నోటుబుక్కుతోనే మొదలవుతుంది. అందులో మహిళా సంఘం మీటింగులో పదిమంది ముందు ఈ మాటలు ఎలా ఎత్తాలో, వేయించుకున్న అవ్వతోనే ఎలా చెప్పించాలో చూద్దాం.