కాల్షియం ఎక్కువగా ఉందా? పారాథైరాయిడ్ ఆపరేషన్‌కు ముందు ఈ లెక్క వేయాలి

మెడలో ఉండే చిన్న పారాథైరాయిడ్ గ్రంథుల కణాల మీద కాల్షియాన్ని పసిగట్టే రిసెప్టర్ ఉంటుంది. రక్తంలో కాల్షియం పెరగగానే అది, కాల్షియాన్ని పెంచే పీటీహెచ్ హార్మోన్ విడుదలను తగ్గిస్తుంది. కిడ్నీలోనూ ఉండి అదనపు కాల్షియాన్ని మూత్రంలోకి పోనిస్తుంది. దాన్ని తయారుచేసే సీఏఎస్‌ఆర్ జన్యువు ఒక కాపీలో దెబ్బతింటే రిసెప్టర్ మొద్దుబారుతుంది. రక్తంలో కాల్షియం ఎక్కువ, పీటీహెచ్ మామూలుగా లేదా కాస్త ఎక్కువ, మూత్రంలో కాల్షియం తక్కువ. ఇదే ఎఫ్‌హెచ్‌హెచ్ (ఫెమీలియల్ హైపోకాల్షియూరిక్ హైపర్‌కాల్సీమియా), కుటుంబంలో వంశపారంపర్యంగా వచ్చేది. పారాథైరాయిడ్ గడ్డ ఉన్నా రక్తపరీక్షలు దాదాపు ఇలాగే వస్తాయి. అయితే ఎఫ్‌హెచ్‌హెచ్‌లో గ్రంథి తీసేసి లాభం లేదు: మిగిలినవాటిలోనూ అదే రిసెప్టర్ కాబట్టి కాల్షియం మళ్లీ పెరుగుతుంది.

ముందు కాల్షియం, ఆల్బుమిన్ మళ్లీ చూడాలి. ఆల్బుమిన్ (రక్తంలో కాల్షియాన్ని మోసే ప్రొటీన్) డెసిలీటర్‌కు 4 గ్రాముల కంటే ఎంత తగ్గితే అంతకు 0.8 రెట్లు కాల్షియం అంకెకు (మిల్లీగ్రాములు పర్ డెసిలీటర్) కలపాలి. థయజైడ్ (బీపీకి వాడేవి), లిథియం (మానసిక సమస్యలకు వాడేవి) మాత్రలు మూత్రంలో కాల్షియాన్ని తగ్గించి ఫలితాన్ని తారుమారు చేస్తాయి. ఆపాలా వద్దా అన్నది డాక్టరే చెప్పాలి, సొంతంగా ఆపకూడదు. విటమిన్ డి లోపాన్నీ ముందే సరిచేయాలి.

తర్వాత 24 గంటల మూత్రం. పొద్దున లేచాక మొదటిసారి పోసింది పారబోసి, టైము రాసుకోవాలి. అక్కణ్నుంచి ప్రతి చుక్కా డబ్బాలోకే. మర్నాడు అదే టైముకు పోసినదాంతో ముగించాలి. రక్తం కూడా ఆ రోజుల్లోనే ఇవ్వాలి.

మూత్ర కాల్షియాన్ని రక్త క్రియాటినిన్‌తో (కండరాల్లో పుట్టి కిడ్నీ ద్వారా బయటికి పోయే వ్యర్థం) గుణించి, రక్త కాల్షియం, మూత్ర క్రియాటినిన్‌ల లబ్ధంతో భాగించాలి. ఉదాహరణకు మూత్రంలో కాల్షియం 6, క్రియాటినిన్ 80. రక్తంలో కాల్షియం 11, క్రియాటినిన్ 0.8 అనుకుందాం. 4.8ని 880తో భాగిస్తే 0.0055. ఇక్కడ నాలుగూ మిల్లీగ్రాములు పర్ డెసిలీటర్‌లో ఉన్నాయి. మూత్రం రిపోర్టులో రోజు మొత్తానికి అంకె ఇచ్చినా, మూత్ర కాల్షియం, మూత్ర క్రియాటినిన్ రెండూ ఒకే యూనిట్‌లో ఉంటే ఫలితం మారదు. వేర్వేరు యూనిట్లలో ఉంటే మాత్రం తప్పవుతుంది.

0.01 కంటే తక్కువైతే ఎఫ్‌హెచ్‌హెచ్ అనుమానం బలపడుతుంది. 0.02 దాటితే గడ్డవైపే మొగ్గు. మధ్యలో ఉంటే, లేదా తల్లిదండ్రులకో తోబుట్టువులకో కాల్షియం ఎక్కువగా ఉంటే, జన్యు పరీక్ష చేయించాలి. సీఏఎస్‌ఆర్ బాగున్నా జీఎన్‌ఏ11, ఏపీ2ఎస్‌1 జన్యువులు కూడా చూడాలి. కిడ్నీ పనితీరు బాగా తగ్గినవాళ్లలో ఈ లెక్కను నమ్మలేం.

ఎఫ్‌హెచ్‌హెచ్ అని తేలితే చాలామందికి మందులే అక్కర్లేదు. సీఏఎస్‌ఆర్ రెండు కాపీలూ దెబ్బతిన్న పసికందు సంగతి వేరు: కాల్షియం ప్రాణాంతకంగా పెరగొచ్చు, వెంటనే ఆస్పత్రి చికిత్స కావాలి.

రిసెప్టర్ మరీ చురుకైతే కథ తిరగబడుతుంది: రక్తంలో కాల్షియం, పీటీహెచ్ తక్కువ, మూత్రంలో కాల్షియం ఎక్కువ. అప్పుడు కాల్షియాన్ని మామూలు స్థాయికి తేవాలని మాత్రలు పెంచితే అది మూత్రంలోకి పోయి కిడ్నీలో రాళ్లు కడుతుంది. తిమ్మిర్లు, కండరాల బిగింపు తగ్గేంతవరకే డోసు ఇచ్చి, మూత్రంలో కాల్షియాన్ని తరచూ చూస్తుండాలి.