డిమెన్షియాలో యాంటీసైకోటిక్ మందు పనిచేస్తోందో లేదో ఎలా తెలుసుకోవాలి?

డిమెన్షియా (జ్ఞాపకశక్తి, ఆలోచనాశక్తి క్రమంగా తగ్గిపోయే జబ్బు) ఉన్నవారు కొట్టడానికి మీదికి రావడం, తమ వస్తువులను ఎవరో దొంగిలిస్తున్నారని గట్టిగా నమ్మడం, లేని మనుషులు కనిపిస్తున్నారనడం మొదలుపెట్టినప్పుడు వైద్యులు ఒక్కోసారి రిస్పెరిడోన్, క్వెటియాపిన్, హాలోపెరిడాల్ వంటి యాంటీసైకోటిక్ (భ్రమలు, తీవ్రమైన ఉద్రేకం తగ్గించేందుకు వాడే) మందులు రాస్తారు. వీటివల్ల కలిగే మేలు సగటున స్వల్పం, ప్రమాదం మాత్రం చిన్నది కాదు. అందువల్ల ఫలితాన్ని దగ్గరుండి చూసుకునేవారు జాగ్రత్తగా గమనించాలి.

మొదట, మార్పు ఎప్పుడు వచ్చిందో గుర్తుచేసుకోండి. రెండు మూడు రోజుల్లోనే మనిషి మారిపోయి ఉంటే, మూత్రంలో ఇన్ఫెక్షన్, మలబద్ధకం, పంటి నొప్పి, కొత్తగా వేసుకుంటున్న మాత్ర వంటి కారణం ఏదైనా ఉందేమో చూడమని వైద్యులను అడగాలి. లెవీ బాడీ డిమెన్షియా (మెదడు కణాల్లో ఒక ప్రొటీన్ ముద్దలుగా పేరుకోవడం వల్ల వచ్చే రకం) అనుమానం ఉన్నా, గతంలో పక్షవాతం వచ్చినా ముందే చెప్పి తీరాలి. లెవీ బాడీ రకంలో ఈ మందులు ఒళ్లు బిగుసుకుపోయేలా, స్పృహ తగ్గేలా చేయగలవు.

తరువాత, ఏ లక్షణం తగ్గాలని మందు ఇస్తున్నారో ఒక పుస్తకంలో ఒక్క వాక్యంగా రాసుకుని, అది రోజుకు ఎన్నిసార్లు కనిపిస్తోందో మందు మొదలుకాక ముందునుంచే లెక్కపెట్టండి. అడిగిందే అడగడం, ఇల్లంతా తిరగడం వంటివి ఈ మందులతో తగ్గుతాయని ఆశించకూడదు.

ఈ లెక్క ఎందుకంటే, కొందరిలో లక్షణాలు మందు లేకుండానే తగ్గుతాయి. అమెరికాలో 421 మంది అల్జీమర్స్ రోగులపై జరిగి 2006లో ప్రచురితమైన పరిశోధనలో 12 వారాలకు మెరుగుపడినవారు ఇదే కోవకు చెందిన ఒలాంజపిన్‌తో 32 శాతం, రిస్పెరిడోన్‌తో 29, క్వెటియాపిన్‌తో 26 కాగా, మందు లేని మాత్రతో కూడా 21 శాతం ఉన్నారు. ఆ తేడా గణాంకపరంగా నిలవలేదు, అంటే అది కాకతాళీయం కూడా కావచ్చు.

మగతను మాత్రం మెరుగుదలగా పొరబడకండి. కేకలు తగ్గి, దాంతోపాటు భోజనం మధ్యలోనే కునుకుపడుతున్నా, నడక తడబడుతున్నా, మందు మనిషిని మత్తులో ఉంచుతోందేమోనని అనుమానించాలి. పడిపోవడం, చేతులు వణకడం, మూతి వంకరపోవడం కనిపిస్తే వెంటనే వైద్యుల దృష్టికి తీసుకెళ్లాలి. ఈ మందులు వాడే డిమెన్షియా రోగుల్లో మరణాల ముప్పు పెరుగుతుందని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ కొత్త తరం మందుల గురించి 2005లోనే, హాలోపెరిడాల్ వంటి పాతవాటి గురించి 2008లో హెచ్చరించింది.

సరైన మోతాదుతో నాలుగు వారాలైనా మీ లెక్కలో మార్పు లేకపోతే, క్రమంగా తగ్గించి ఆపే విషయం అడగండి. సొంతంగా ఒక్కసారిగా మానిపించవద్దు. గుణం కనిపించినా, నాలుగు నెలలలోపు తగ్గించి చూడడం మంచి పద్ధతి. మాత్ర ఆపాక మరో నాలుగు నెలలపాటు అదే పుస్తకంలో లెక్క కొనసాగించి, పాత లక్షణం తిరిగి వస్తే ఆ పుస్తకాన్నే వైద్యులకు చూపించండి.