మూడు చికిత్సల్లో ఏది ఖర్చుకు తగినది: ఐసీఈఆర్ (అదనపు ఫలితానికి పడే అదనపు ఖర్చు) లెక్క కట్టే పద్ధతి

కొత్త మందు ఖర్చుకు తగిన ఫలితం ఇస్తుందా అని అడిగితే జవాబు రాదు. దేనికి బదులుగా, ఎవరి ఖర్చుతో, ఎంత కాలానికి అన్న మూడూ ముందు తేలాలి. డేటా తెరవకముందే వీటిని రాసిపెట్టుకోండి. ఫలితాలు చూశాక రాస్తే, మనసు మనకు నచ్చిన జవాబు వైపే లాగుతుంది.

కాలం విషయంలో పొరపాట్లు ఎక్కువ. ట్రయల్ రెండేళ్లు నడిచింది కాబట్టి లెక్కనూ రెండేళ్లకే ఆపేస్తుంటారు. మందు ఖర్చు మొదట్లోనే పడి, ప్రాణం నిలిచిన లాభం ఏళ్ల తర్వాత కనబడే జబ్బుల్లో ఇది పూర్తిగా తప్పు. చికిత్సల మధ్య తేడా ఎన్నాళ్లు నిలుస్తుందో అన్నాళ్లూ లెక్క సాగాలి. దీర్ఘకాలిక జబ్బులకైతే సాధారణంగా జీవితకాలమే తీసుకోవాలి.

ఫలితాన్ని క్వాలీల్లో, అంటే జీవన నాణ్యతను బట్టి సర్దిన జీవిత సంవత్సరాల్లో, కొలుస్తారు. పూర్తి ఆరోగ్యంతో గడిచిన ఏడాది 1 క్వాలీ, మరణం 0. రోగి ఆరోగ్య స్థితి విలువ 0.7 అయితే నాలుగేళ్లకు 2.8 క్వాలీలు. ఈ విలువల కోసం ఎక్కువగా వాడేది ఈక్యూ-5డీ ప్రశ్నావళి. అందులో నడక, సొంత పనులు, రోజువారీ పనులు, నొప్పి, ఆందోళన అనే ఐదు అంశాలుంటాయి. ఒక్కోదానికి ఐదు స్థాయిలున్న రూపంలో మొత్తం 3,125 స్థితులు వస్తాయి. కొన్ని స్థితుల విలువ సున్నా కన్నా తక్కువ కూడా ఉంటుంది. అది టైపు తప్పనుకుని సరిదిద్దకండి.

ఖర్చులు రాసేటప్పుడు ఎన్నిసార్లు వాడారన్నది ఒక వరుసలో, ఒక్కోదాని ధర మరో వరుసలో ఉంచండి. ధరలు మారితే లెక్క మొత్తం తిరగరాయనక్కర్లేదు. కొద్దిమంది రోగులకు విపరీతంగా ఖర్చవుతుంది కాబట్టి మధ్యస్థం (వరుసలో నడిమి విలువ) వాడాలనిపిస్తుంది. వాడకండి. మొత్తం బిల్లును రోగుల సంఖ్యతో భాగిస్తే వచ్చేది సగటే. డబ్బు కట్టేవాళ్లకు కావలసిందీ అదే.

భవిష్యత్తు ఖర్చులనూ, క్వాలీలనూ నేటి విలువకు తగ్గించాలి. ఏడాదికి 3 శాతం చొప్పున తగ్గిస్తే పదేళ్ల తర్వాతి 1,000 నేటి 744తో సమానం. మోడల్‌లో, అంటే రోగుల భవిష్యత్తును అంచనా వేసే లెక్కలో, సంభావ్యతల దగ్గర మరో గుంట ఉంది. అయిదేళ్లలో 40 శాతం మందికి జబ్బు తిరగబెడితే ఏడాదికి 8 శాతం అని భాగించేస్తారు. సరైన అంకె దాదాపు 9.7 శాతం. ఏటా జబ్బు తిరగబెట్టకుండా మిగిలినవాళ్లలోంచే కొందరికి తిరగబెడుతుంది కదా! ముందు సంభావ్యతను రేటుగా (జబ్బు తిరగబెట్టే వేగంగా) మార్చి, దాన్ని అయిదుతో భాగించి, మళ్లీ సంభావ్యతగా మార్చాలి.

ఇక అసలు లెక్క. కరెన్సీ ఏదైనా సరే, ఒక్కో రోగికి సగటున ఇలా ఉందనుకుందాం:

మామూలు చికిత్స: ఖర్చు 10,000, క్వాలీలు 4.0
మాత్ర: ఖర్చు 22,000, క్వాలీలు 4.2
ఇంజెక్షన్: ఖర్చు 30,000, క్వాలీలు 5.0

తక్కువ ఖర్చు నుంచి ఎక్కువకు వరుసగా పెట్టండి. ఖర్చు ఎక్కువై ఫలితం తక్కువైనది ఉంటే కొట్టేయండి. ఇక్కడ అలాంటిది లేదు. తర్వాత ఒక్కోదాన్నీ దాని ముందుదానితో పోల్చి, అదనపు ఖర్చును అదనపు క్వాలీలతో భాగించండి. అదే ఐసీఈఆర్. మాత్రకు 12,000ను 0.2తో భాగిస్తే 60,000. ఇంజెక్షన్‌కు 8,000ను 0.8తో భాగిస్తే 10,000.

ఇక్కడే ఆగి “ఇంజెక్షన్‌కు క్వాలీకి 10,000 మాత్రమే” అని రాసేస్తే ఘోరమైన తప్పు. వరుసలో కిందికి వెళ్తుండగా ఐసీఈఆర్ తగ్గిందంటే, పైనున్నది పోటీలో నిలవదని అర్థం. 100 మందిలో 40 మందికి మామూలు చికిత్స, 60 మందికి ఇంజెక్షన్ ఇస్తే సగటు ఖర్చు సరిగ్గా 22,000, క్వాలీలు 4.6. అదే ఖర్చుకు మాత్ర ఇచ్చేది 4.2. కాబట్టి మాత్రను తీసేసి, ఇంజెక్షన్‌ను మామూలు చికిత్సతో పోల్చాలి: 20,000ను 1.0తో భాగిస్తే 20,000. పోటీలో నిలవనిదాన్ని పక్కన నిలబెడితే ఖరీదైన మందు సగానికి సగం చవకగా కనబడుతుంది. ఎవరి నివేదికలోనైనా మొదట వెతకాల్సింది ఇదే.

సరిచూసుకోవడానికి నికర లాభం కట్టండి: క్వాలీలను పరిమితితో గుణించి ఖర్చు తీసేయాలి. క్వాలీకి 25,000 వరకు ఇవ్వడానికి సిద్ధమైతే వరుసగా 90,000, 83,000, 95,000 వస్తాయి, ఇంజెక్షనే మేలు. పరిమితి 15,000 అయితే 50,000, 41,000, 45,000. మామూలు చికిత్సే మేలు. మాత్ర రెండుచోట్లా ఓడిపోయింది. ఐసీఈఆర్ రుణాత్మకంగా వచ్చినప్పుడు ఆ అంకెకు అర్థం ఉండదు. అప్పుడు కూడా ఈ పద్ధతే శరణ్యం.

చివరగా అనిశ్చితి. అన్ని అంకెలనూ ఒకేసారి మారుస్తూ మోడల్‌ను కనీసం 1,000 సార్లు నడపండి. సంభావ్యతలకు బీటా, ఖర్చులకు గామా, సాపేక్ష ప్రమాదానికి (ఒక చికిత్సలో ప్రమాదం మరోదానిలో కన్నా ఎన్ని రెట్లో చెప్పే అంకెకు) లాగ్‌నార్మల్ విభజనలు, అంటే ఏ విలువ ఎంత తరచుగా రావచ్చో చెప్పే గణిత రూపాలు, సరిపోతాయి. విభజన వెడల్పుకు ప్రామాణిక విచలనం (రోగుల మధ్య తేడాల కొలత) కాదు, సగటు తాలూకు ప్రామాణిక దోషం (సగటు అంచనాలోని అనిశ్చితి) వాడాలి. లేకపోతే రోగుల మధ్య తేడాలన్నీ మన అజ్ఞానంగా లెక్కకెక్కుతాయి. వచ్చిన 1,000 ఐసీఈఆర్‌లకు సగటు తీయకండి. ఖర్చుల సగటునూ క్వాలీల సగటునూ విడివిడిగా కట్టి, ఆ తర్వాతే పై వరుస లెక్కను మళ్లీ చేయండి.