చెరువు కట్ట ఊరుతోందా? ముందు నీటి రంగు చూడండి

సమస్య: చెరువు నిండగానే కట్ట వెనుక వైపు నీరు ఊరుతోంది

మట్టికట్ట అన్నాక కొంత ఊట తప్పదు. ఆ నీటిని గాజుగ్లాసులో పట్టి కాసేపు కదపకుండా ఉంచండి. తేటగా ఉండి, ధార పెరగకపోతే రోజూ ఓ కన్నేసి ఉంచితే చాలు. గ్లాసు అడుగున మన్ను పేరుకుందంటే కట్ట లోపలి మట్టి కొట్టుకొస్తోందన్నమాట. కట్టకు బుంగ (ఆరపార కన్నం) పడడం ఇలాగే మొదలవుతుంది.

కారణం: తరచుగా తూము (పొలాలకు నీరు వదిలే దారి) పక్కనే, రాతికీ మట్టికీ అతుకు కుదరని చోట. పీతల బొరియలు, పందికొక్కుల కన్నాలు, కొట్టేసిన తుమ్మచెట్ల కుళ్లిన వేర్లు కూడా నీటికి దారిస్తాయి.

పరిష్కారం: ఊరు ఊరంతా పరుగెత్తుకొచ్చి నీరు బయటికొచ్చే చోట బంకమట్టి కుక్కేస్తారు. అది వద్దు. లోపల ఒత్తిడి పెరిగి నీరు ఇంకోచోట పొడుచుకొస్తుంది. నీటిని పోనివ్వాలి, మట్టిని ఆపాలి. ఊట మీద ముందు ఇసుక, దానిపై సన్న కంకర, ఆపైన రాళ్లు పరవండి. తూము బాగుంటే తెరిచి మట్టం తగ్గించండి, నీటిపారుదల శాఖ ఇంజనీరుకు వెంటనే కబురు పెట్టండి. బంకమట్టి పని ఎండాకాలంలో, చెరువు లోపలి వైపు నుంచి: కన్నం మొదలు దొరికేదాకా తవ్వి, మట్టి తడిపి, పొరలు పొరలుగా దిమ్మిస కొట్టించాలి.

సమస్య: నీరు కట్ట అంచుకొచ్చినా మత్తడి (ఎక్కువైన నీరు పొర్లిపోయే అలుగు) సరిగా దుంకడం లేదు

కారణం వెతకక్కర్లేదు. రెండో పంట కోసం ఎవరో ఇసుక బస్తాలు పేర్చి ఉంటారు, లేదా చేపలు పోకుండా కట్టిన జాలికి గుర్రపుడెక్క చుట్టుకుని ఉంటుంది. ఎవరి కష్టం వారిదే గానీ, పెద్దవాన ముందు రెండూ తీయాల్సిందే. మట్టికట్ట మీదుగా నీరు పొర్లితే వెనుక వాలు కోసుకుపోయి గంటల్లోనే గండి పడొచ్చు. గొలుసుకట్టులో పై చెరువు తెగితే ఆ వరదంతా కింది చెరువు మీదికే.

సమస్య: వానలు పడ్డా చెరువు నిండదు, నిండినా నిలవదు

నిండకపోతే వరద తెచ్చే కాలువ వెంట పైదాకా నడవండి. పూడికో, కబ్జానో, పైపు చాలని కల్వర్టో కనబడుతుంది. నిలవకపోతే, పూడిక తీసినప్పుడు ఒండ్రు దాటి మొరం దాకా తవ్వారేమో చూడండి. ఇంకిన నీరు బోర్లకే చేరుతుంది కాబట్టి నీరు ఇంకించడానికే ఉన్న ఊటచెరువుకైతే అదేమీ నష్టం కాదు, తూము కింద పారకానికే ఇబ్బంది. 2015లో తెలంగాణలో మొదలైన చెరువుల పునరుద్ధరణ పథకం మిషన్ కాకతీయలో లాగా ఒండ్రు పొలాలకు తోలుకోవచ్చు. కట్ట పాదం దగ్గరికి మాత్రం ప్రొక్లెయిన్‌ను రానివ్వకండి. అక్కడి బంకపొర పోతే నీరు కట్ట కిందుగా దారి చేసుకుంటుంది.